ఆకాశానికి ఉప్పేసిన పీరా సాహెబ్

"ఏమప్పా, అందురూ ఈడనే ఉండారు గదా, ఒక్క మాట అడుగుతా, చెప్పండి సూద్దాం. ఆకాశానికి ఉప్పేసింది ఎవురు?"

పీరా సాహెబ్ ఈ ప్రశ్న వేయగానే మునస్వామి హోటల్ పందిరి కింద మూడు టీ గ్లాసులు పెదాల దగ్గరే ఆగిపోయాయి. బంగారుపాళ్యంలో హైవే పక్కన, మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఎదురుగా ఉంటుంది ఆ హోటల్. సీజన్ నడుస్తోంది. ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు దాకా తోతాపురి కాయల ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి.

మొదటి గ్లాసు శ్రీనివాసులుది. ట్రాక్టరు నిండా కాయలు వేసుకుని శుక్రవారం వచ్చాడు, ఇవాళ సోమవారం, ఇంకా ఆయన ముందు పదకొండు బండ్లున్నాయి. తిండి ఈ హోటల్లో, నిద్ర ట్రాక్టరు కింద. రెండో గ్లాసు సంతోషమ్మది. ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆడవాళ్ళకు ఆమె మేస్త్రి, షిఫ్టు మధ్యలో టీకి వచ్చింది. మూడోది మునస్వామిది. హోటల్ ఆయనదే అయినా తన టీ తాను తాగేటప్పుడు కూడా ఒక చెయ్యి గల్లాపెట్టె మీదే ఉంటుంది.

నాలుగో మనిషి టీ తాగడం లేదు. పందిరి వెనక, పరోటాలు విసిరే నల్లబండ ముందు నిలబడి, పిసికిన మైదా ముద్ద నుంచి ఉండలు గిల్లి నూనె గిన్నెలోకి జారవిడుస్తోంది. పీరా సాహెబ్ కూతురు హుమేరా. తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా నాయన పెనానికి పిండి కలిపేది ఆమే.

ముప్పై ఏండ్లుగా ఆ పెనం పీరా సాహెబ్‌ది. పరోటా విసరడంలో ఆయన చెయ్యి చూడటానికే బస్సు డ్రైవర్లు ఇక్కడ బండి ఆపుతారు, ఇవి కోతలు కాదు, చిత్తూరు జిల్లాలో ఎవరినైనా అడగండి. కానీ ఈ వేసవిలో ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాటి లేవడం లేదు. పెనం ముందు ఇక ఎవరు నిలబడాలి? "నేను నిలబడతా" అంది హుమేరా. "హైవే హోటల్లో ఆడపిల్లా?" అని ముందు నసిగి, తర్వాత ఆమె విసిరిన నాలుగు పరోటాలు తిని, "సరేలే సూద్దాం" అన్నాడు మునస్వామి.

అంతలో శుక్రవారం వచ్చింది. ఆ సాయంత్రం శ్రీనివాసులు రెండు పరోటాలు తిన్నాడు. ఒకటి సముద్రంలో ముంచి తీసినట్టు ఉంది. ఇంకోటి చప్పిడి, కాగితం నమిలినట్టు ఉంది. ఒక్క పళ్ళెంలో రెండు లోకాలు! ఆయన ఊరుకుంటాడా, పందిరి లేచిపోయేలా అరిచాడు. చిత్తూరులో పెళ్ళికి పోయి రాత్రి తిరిగొచ్చిన మునస్వామికి సంగతి చెప్పనివాళ్ళు లేరు. పిండి కలిపేది ఆ పిల్లే కదా, ఉప్పు సరిగా కలపడం చేతకాలేదు, ఇంక పెనం ఎట్లా ఇస్తారు? అందరూ కలిసి తేల్చేశారు. ప్యాకెట్లలో వచ్చే చల్లటి పరోటాలు అమ్మే ఒకాయనకు మునస్వామి ఫోన్ చేశాడు. ఆయన వ్యాను ఇవాళ అయిదు గంటలకు వస్తుంది. సరుకు దిగిందంటే ఈ బండతో, ఈ పిండితో, ఈ తండ్రీకూతుళ్ళతో పనుండదు. ప్యాకెట్ చించి పెనం మీద వేయడానికి ఎవరైనా చాలు.

ఇప్పుడు టైం నాలుగుంబావు.

హుమేరాకు ఒక సంగతి తెలుసు. శుక్రవారం పొద్దున్నే ఒక వాయి పిండి కలిపి, తన ప్రాజెక్టు చూపించడానికి ఆమె తిరుపతి బస్సెక్కింది. ఆ వాయి మధ్యాహ్నానికే అయిపోయింది. సాయంత్రం శ్రీనివాసులు తిన్న పిండిలో ఆమె చెయ్యి పడలేదు. మరి ఎవరి చెయ్యి పడిందో చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన మూడు రోజులుగా తెగ మాట్లాడుతున్నాడు, ఆ ఒక్క మాట తప్ప. కాలేజీ వేదికల మీద వాదనల్లో ఎదుటివాళ్ళను నిలబెట్టి నీళ్ళు తాగించిన హుమేరా నాయన ముందు మాత్రం నోరు విప్పలేదు. తనంతట తానే చెప్తాడని ఎదురుచూస్తోంది.

"ఆకాశానికి ఉప్పేందయ్యా సాయిబన్నా, టీలో చక్కెర జాస్తయిందా ఏం?" అన్నాడు శ్రీనివాసులు.

"నవ్వు సీనప్పా, నవ్వు. నేను చెప్పేది ఇన్నాక నీ నవ్వు నీకే సిగ్గవుతుంది. ముందు చిన్న సంగతితో మొదలుపెడతా. తడలో నేను పని చేసినా గదా, తమిళనాడు బార్డరు మీద? ఆడ ఒక మాస్టరు ఉండేవాడు, సెల్వం అని, పరోటా విసిరితే తమలపాకంత పల్చగా వస్తుందని మీసం దువ్వేవాడు. నేనన్నా, తమలపాకు ఎవురికి గావాలయ్యా, నేను విసిరితే దాని కింద పేపరు పెట్టి వార్తలు చదువుకోవచ్చు. పందెం! విసిరినా. బండ మీద పరిచినా. కింద పేపరు. సెల్వం తెలుగు రాదన్నాడు, తమిళ పేపరు తెప్పించినా. గడగడా చదివినాడు, సినిమా యాడ ఆడతా ఉండాదో టైములతో సహా."

"ఇది నమ్మొచ్చులే, ఈయన చెయ్యి అట్లాంటిదే" అంది సంతోషమ్మ. ఆ మాటలో ఎగతాళి లేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా సంతోషమ్మా? ఆడితో ఆపుంటే నేనూ మామూలు మనిషినే. సెల్వం మొగం మాడిపోయింది గదా, వాడి మొగం సూసేకొద్దీ నా చేతికి ఊపొచ్చింది. ఇంకోసారి విసిరినా. బండ దాటింది. టేబుళ్ళు దాటింది, తినేవాళ్ళు ఎవురి పళ్ళేలు వాళ్ళు ఎత్తి పట్టుకున్నారు, దాని కిందనే పరోటాల్లోకి సాల్నా పులుసు పోసుకుంటా ఉండారు. వాకిలి దాటింది. రోడ్డు దాటింది. అప్పా, తడ ఎట్లాంటి ఊరు? ఇటు ఆంధ్రా, అటు తమిళనాడు. నా పరోటా ఒక అంచు ఇటు, ఇంకో అంచు అటు! చెక్‌పోస్టు పోలీసు పరిగెత్తుకుంటా వచ్చినాడు, సగం పరోటాకి మాత్రం పర్మిట్ గావాలంటాడు!"

"సగానికేనా?" అంది సంతోషమ్మ.

"సగానికే. మిగతా సగం మన రాష్ట్రంలో ఉండాది గదా, దానికెందుకు? న్యాయమైన పోలీసు."

శ్రీనివాసులుకు టీ ముక్కులోకి పోయి దగ్గు వచ్చింది. మునస్వామి కూడా మూతి దాచుకుని నవ్వాడు, కానీ కన్ను గోడ గడియారం మీదికి పోయింది. హుమేరా ఆ చూపు గమనించింది. నాలుగున్నర.

"పర్మిట్ రాసేలోపల సముద్రం గాలి లేచింది. తడకి సముద్రం దగ్గిర గదా? గాలి పరోటా కిందికి దూరింది. పడవ తెరచాప లేసినట్టు లేసిందప్పా! నేను అంచు వదల్లే. వదిలితే మైదా ఏమైపోవాల? ఒక చేత్తో పట్టుకోని విసురుతానే ఉండా. అది పెరుగుతానే ఉండాది. శ్రీకాళహస్తి మీద నీడ. రేణిగుంట మీద నీడ, రైలు డ్రైవరు పగలే లైటేసినాడు. తిరుమల ఘాటు రోడ్డులో బస్సులన్నీ మలుపు మలుపుకీ హారన్. కొండ మీద జనం, ఎండలో క్యూలో నిలబడినోళ్ళు, అబ్బ ఏం చల్లగా ఉండాది ఎవురీ పుణ్యాత్ముడని పైకి సూస్తా ఉండారు. ఈ బంగారుపాళ్యం తోటల్లో కాయలకి ఎండ తగల్లేదు, ఆ ఏడు పంట పదైదు రోజులు ఆలస్యం. యాదుందా సీనప్పా?"

"పంట ఆలస్యమైన మాట నిజమే" అన్నాడు శ్రీనివాసులు. "నీ వల్లనేనా అది! మా నాయన ఆ ఏడంతా వానదేవుణ్ణి తిట్టినాడు గదయ్యా!"

"పెద్దోళ్ళు, పాపం, తెలీక తిట్టింటారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి పైదాకా పోయింది. పైదాకా అంటే..." పీరా సాహెబ్ గొంతు తగ్గించి, ఎడమ చేత్తో చెవులు రెండూ తాకాడు. "తోబా తోబా, చేసినోడు అల్లా. అది మాత్రం గుర్తు పెట్టుకోండి. పిండి ఆయనది, బండ ఆయనది, పెనం ఆయనది. నేను మాస్టర్ని, అంతే. నన్ను పిలిపించినారు. ఎప్పటికి? మొట్టమొదటికి! భూమి లే, సూర్యుడు లే, చిత్తూరు లే. ఉండేదంతా ఒక్క పిండి ముద్ద. ఎంత ముద్ద? ఆవగింజ అనుకుంటా ఉండారా? ఆవగింజ దాని ముందర ఏనుగు. ఆవగింజని కోటి తునకలు చేసి, ఒక తునకని మళ్ళీ కోటి చేసి, మళ్ళీ చేసి, మీ ఓపిక అయిపోయేదాకా చేస్తే, అంత! కొలిమి కన్నా వేడి. ముట్టుకుంటే చెయ్యి కాదు, చెయ్యి అనే మాట కూడా కాలిపోతుంది."

"అప్పటికి నువ్వు పుట్టినావా సాయిబన్నా?"

"పుట్టడం తర్వాతి సంగతి సీనప్పా, ముందు పని! విసిరినా. ఒక్క విసురు. ఎంతసేపు? నువ్వు రెప్ప కొట్టేది ఎంతసేపో, దాన్ని లక్ష కోట్ల కోట్ల తునకలు చేయి, అందులో ఒక తునక. అంతలో ఆ ముద్ద మామిడికాయంత, మామిడికాయ మళ్ళీ కొండంత, కొండ మళ్ళీ... మాట లేదప్పా దానికి. ఆకాశమైంది. విసిరేటప్పుడు నా చెయ్యి రవ్వంత వణికింది. దాచేదేముండాది, వణికింది. ఎంత? లక్షలో ఒక వంతు. ఆ వణుకు పడినచోట పిండి రవ్వంత మందంగా నిలిచింది. ఆ మందమే నచ్చత్రాలైనాయి. మనం పడుకోని సూసే చుక్కలన్నీ ఏమనుకుంటా ఉండారు? మాస్టరు చెయ్యి వణికిన జాడలు."

సంతోషమ్మ గ్లాసు కింద పెట్టి, పందిరి సందులోంచి పైకి చూసింది. పగలు కాబట్టి చుక్కలు లేవు, అయినా చూసింది. హుమేరా చేతిలోని ఉండ చేతిలోనే ఉండిపోయింది. శనివారం పొద్దున ఇదే బండ ముందు, తిరుపతిలో ఏం చెప్పొచ్చినావు బేటీ అని నాయన అడిగితే ఆమె చెప్పిన సంగతే ఇదంతా. ఆమె పన్నెండు బొమ్మలతో, రెండు పేజీల లెక్కలతో చెప్పింది. ఆయన ఒక వణుకుతో చెప్పేశాడు. ఈ మనిషి మీద కోపం నిలుపుకోవడం ఎంత కష్టం!

"మరి ఉప్పు?" అన్నాడు మునస్వామి. వినకూడదనుకుంటూనే వింటున్నాడు.

"ఆఁ, ఉప్పు! అసలు కత అదే గదా మునస్వామీ. విసిరేసినాక నాలిక మీద పెట్టి సూస్తే, ఉప్పు లే! ఆకాశమంతా చప్పిడి! నేను వణికిపోయినా. ఏం జేసేది? మళ్ళీ ముద్ద చేసి పిసికేదానికి టైము యాడుంది? డబ్బా తీసుకోని ఉరికినా. ఈ కొసకి పోయి చల్లినా, ఆ కొసకి ఉరికి చల్లినా. నాలికతో సూసినా. తక్కువున్న చోట వేసినా, జాస్తున్న చోట తీసినా. ఉరికి ఉరికి ఉరికి... కడాన యాడ సూసినా ఒకటే ఉప్పు! తూర్పున నాకినా అంతే, పడమర నాకినా అంతే, లక్షలో ఒక వంతు తప్ప తేడా లేదు. దాన్ని సూసి ఇప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నోర్లు తెరుచుకోని ఉండారు, ఇంత పెద్ద ఆకాశం ఇంత సమంగా ఎట్ల వచ్చిందప్పా అని. ఈడ పీట మీద కూర్చోనుండాడు సూడు ఆ మాస్టరు, అడగండి!"

శ్రీనివాసులు బల్ల మీద చరిచాడు. సంతోషమ్మ పకపకా నవ్వింది.

హుమేరా నవ్వలేదు. చివరిది తాను చెప్పిన మాట కాదు. తాను చెప్పింది దీనికి సరిగ్గా తిరగేసి, కలపడం ముందు, విసరడం తర్వాత. నాయన మరిచిపోయే మనిషి కాదు, ఇరవై ఏండ్ల కింద ఎవరు ఏ సాల్నా అడిగారో చెప్తాడు. మరి ఉప్పు తర్వాత చల్లినట్టు ఎందుకు చెప్తున్నాడు? గోడ మీద పావుతక్కువ అయిదు.

చేతులు తుడుచుకుని నాయన ముందుకు వచ్చింది.

"అబ్బా, ఒక్క ప్రశ్న."

"అడుగు బేటీ. ఇదో, తిరుపతి లాయరమ్మ వచ్చింది, కాసుకోండి."

"నువ్వు చెప్పిందంతా ఒప్పుకుంటా. తడ ఒప్పుకుంటా, పర్మిట్ ఒప్పుకుంటా, చెయ్యి వణికింది సరే, అది అందరికన్నా ముందు నేనే ఒప్పుకుంటా. ఉరకడం ఒక్కటే అడుగుతా. ఎంత జోరుగా ఉరికినావు?"

"జోరంటే... జోరే. వెలుగుతో సమానంగా."

"లోకంలో వెలుగు కన్నా జోరుగా ఉరికేది లేదు. అది కూడా చాలదబ్బా." హుమేరా రెండు చేతులూ బార్లా చాపింది. "సంతోషమ్మక్కా, చూడు. ఇది ఆకాశంలో ఒక కొస, ఇది ఇంకో కొస. లోకం పసిగా ఉన్నప్పటి వేడి ఇప్పటికీ అన్ని వైపుల నుంచీ మన దగ్గరికి వస్తోంది, పరికరాలు పెట్టి కొలిచినారు. ఈ కొసన ఎంత వేడో ఆ కొసన అంతే. కానీ ఈ కొస నుంచి అప్పుడు బయలుదేరిన వెలుగు మనదాకా ఇప్పుడే వచ్చింది. ఆ కొస వెలుగూ ఇప్పుడే వచ్చింది. అంటే అది దీన్ని ఇంకా చూడనే లేదు. ఒకరి ముఖం ఒకరు చూడని రెండు ఊళ్ళలో ఒకే రుచి. డబ్బా పట్టుకుని ఉరికినవాడు సగం దారి కూడా దాటలేదు. మరి ఎట్లా సమానమైంది?"

"ఎట్లమ్మా?" సంతోషమ్మ నిజంగానే అడిగింది. "మా ఫ్యాక్టరీలో అయితే పెద్ద తొట్టిలో రెక్క తిరగతా ఉంటాది, అది ఆగితే పైన ఒక రుచి, కింద ఒక రుచి."

"అక్కడ రెక్క తిప్పేవాళ్ళు లేరక్కా. తిప్పే టైము లేదు. చాలామంది శాస్త్రవేత్తలు చెప్పేది ఇది, పూర్తిగా తేలిపోయిందని నేననను, కానీ ఇంతకన్నా బాగా అతికే మాట ఇంకా దొరకలేదు. కలపడం ముందే అయిపోయింది. అంతా అంగుళం కూడా లేనంత చిన్నదిగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నప్పుడే వేడి అంతటా సమానమైంది. ఆ తర్వాతే విసురు. చిన్న ముద్దలో కలిసిన ఉప్పు విసిరితే ఎంత దూరమైనా పోతుంది, అంచులు మళ్ళీ కలుసుకోకపోయినా రుచి ఒకటే. విసిరినాక చల్లితే ఏమవుతుంది?" ఆమె ఆగింది. "ఏమవుతుందో సీనన్నను అడగండి. ఒక పరోటా సముద్రం, ఇంకోటి కాగితం."

ఆ పేరు పడగానే శ్రీనివాసులు గ్లాసు కింద పెట్టాడు. హుమేరా నాయన వైపు తిరిగింది.

"నేను అడిగేది ఆకాశం గురించి కాదు. అబ్బా, ఉప్పు ఎప్పుడేసినావు?"

పీరా సాహెబ్ కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. ఎడమ చేత్తో ఆ భుజాన్ని పట్టుకున్నాడు.

"శుక్రవారం" అన్నాడు చివరికి. గొంతులో కోతలు లేవు. "ట్రాక్టర్లు జాస్తి వచ్చినాయి మునస్వామీ, నువ్వు పెళ్ళికి పోయినావు. బేటీ కలిపిన పిండి మధ్యాన్నమే అయిపాయ. జనం అడుగుతా ఉండారు. నేనే కలిపినా. ఒంటి చేత్తో. నొప్పి తట్టుకోలేక పళ్ళు కొరుక్కుంటా పిసికినా, ఆ నొప్పిలో ఉప్పు మరిచినా. ఉండలు చేసి నూనెలో వేసినాక నాలిక మీద పెట్టి సూస్తే, చప్పిడి."

"మళ్ళీ పిసికుంటే సరిపాయ గదా" అన్నాడు మునస్వామి మెల్లగా.

"చెయ్యి లేవలేదప్పా. లేస్తే పిసకనా? నూనెలోనే ఉప్పు పోసినా."

హుమేరా కళ్ళు మూసుకుంది. "నూనెలో ఉప్పు కరగదు అబ్బా."

"తెలుసు బేటీ. ముప్పై ఏండ్ల నుంచి తెలుసు. చెప్పి చెప్పి ఎంతమందికి నేర్పినా, నీళ్ళలో ఉప్పు కరిగించి ఆ నీళ్ళతో పిండి కలపాలని. అయినా పోసినా. అడుగుకి దిగి కూర్చుంది. విసరలేక ఆ ఉండల్నే ఎడమ చేత్తో ఒత్తి కాల్చినా. అడుగునున్న ఉండలు సముద్రం, పైనున్నవి..." ఆయన శ్రీనివాసులు వైపు చూశాడు. "నీ పళ్ళెంలో అడుగుదొకటి పైదొకటి పడింది సీనప్పా. మన్నించు. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు. అందురూ నా బిడ్డ పేరు చెప్పినారు. నేను నోరు మూసుకున్నా. పీరా సాహెబ్ ఉప్పు మరిచినాడని ఈ హైవే మీద ఎవురన్నా అంటే..." మాట పూర్తి చేయలేదు. "మూడు దినాలుగా కతలు చెప్తా ఉండా, ఈ ఒక్క మాట బయటికి రాకుండా."

మునస్వామి గల్లాపెట్టె మీది చెయ్యి తీసి తల గీరుకున్నాడు. ఇంతలో రోడ్డు మీద హారన్ మోగింది. తెల్లటి వ్యాను, పక్కన పరోటా బొమ్మ, బొమ్మలో పరోటా నిజం పరోటా కన్నా ఎర్రగా ఉంది. డ్రైవరు దిగి, వెనక తలుపు తీసి, ఎన్ని పెట్టెలు దించాలని అరిచాడు.

"ఉండప్పా, ఒక నిమిషం" అన్నాడు మునస్వామి. హుమేరా వైపు తిరిగాడు. "అమ్మా, తప్పు నీది కాదని తెలిసింది. సరే. కానీ నీ చెయ్యి కరెక్టని మాత్రం యాడ తెలిసింది? పెనం మీ నాయన మాట మీద ఇవ్వాల్నా, ఆకాశం మాట మీద ఇవ్వాల్నా?"

ఆ ప్రశ్న హుమేరాకు నచ్చింది. మూడు రోజుల్లో ఆమెను సూటిగా అడిగిన మొదటి ప్రశ్న అదే.

నేరుగా బండ దగ్గరికి పోయింది. నూనెలోంచి ఒక ఉండ తీసి అరచేత్తో అదిమింది, రెండు వేళ్ళ మధ్య అంచు పట్టుకుంది, విసిరింది. ముద్ద గాలిలో వెడల్పయింది. తిప్పి కొట్టింది, ఇంకా వెడల్పయింది. మూడో విసురుకు బండంతా ఒకే తెల్లటి పొర, కింద నల్లరాయి గీతలు ఒక్కొక్కటి కనిపిస్తున్నాయి. మడతలు కూర్చి తాడు చేసి, చుట్ట చుట్టి, పక్కన పెట్టి, ఇంకొకటి అందుకుంది. ఎక్కడా చిరగలేదు. వ్యాను డ్రైవరు పెట్టె చేతిలో పట్టుకుని అట్లే నిలబడిపోయాడు. చుట్టలను అదిమి పెనం మీద వేస్తుంటే, ముప్పై ఏండ్ల మాస్టరు పీట మీద నుంచి చూస్తున్నాడు. ఆయన ఎడమ చెయ్యి తెలియకుండానే ఆమె విసురుతో పాటు కదులుతోంది.

పన్నెండు పరోటాలు ఎర్రగా కాలాయి. నాలుగు నాలుగుగా పేర్చి, రెండు పక్కల నుంచీ చప్పట్లు కొట్టినట్టు కొట్టి పొరలు విడదీసింది. పళ్ళెం తెచ్చి నలుగురి మధ్య బల్ల మీద పెట్టింది. శ్రీనివాసులు అలవాటుగా సాల్నా గిన్నె వైపు చెయ్యి చాపాడు. హుమేరా ఆ గిన్నె తీసి దూరంగా పెట్టింది.

"సాల్నా వద్దన్నా. సాల్నాలో ఏ తప్పయినా మునిగిపోతుంది. ఉత్తదే తినండి. సీనన్నా, నువ్వు పైనుంచి ఒకటి తీసుకో, శుక్రవారం దెబ్బ నీ నోటికే తగిలింది కాబట్టి నువ్వే ముందు. సంతోషమ్మక్కా, నువ్వు అడుగుది లాక్కో. వ్యాను అన్నా, నువ్వు కూడా రా, మధ్యది నీది, పరోటా అమ్మేవాడివి కదా, మొహమాటం లేకుండా చెప్తావు. అంచున ఒక తునక, నడిమిన ఒక తునక చించి నాలిక మీద పెట్టండి. నాయనను చూసి జాలిపడొద్దు, ఆయన కథ విని మురిసిపోయి చెప్పొద్దు, ఆడపిల్ల కదా పాపమని అసలే వద్దు. రవ్వంత తేడా ఉన్నా నా ముఖం మీదే చెప్పండి, నేనే ఆ పెట్టెలు దింపుతా. తేడా లేకపోతే మాత్రం ఊరికే మూతి తుడుచుకుని పోకండి, ఆ మాట మునస్వామి మామకు వినపడేలా గట్టిగా చెప్పండి. మామా, నువ్వూ గల్లా దగ్గర నుంచి లేచి రా. రండి, వేడిగా ఉన్నాయి, చించండి."